సమాధానం: సీఐఏ 40 రావడానికి కారణం వాతావరణం కాదు, సున్నం

గోదావరి లోయలోని బరాకర్ (బొగ్గు పొరలుండే శిలావరుస) ఇసుకరాయికి సీఐఏ, అంటే రాయి రసాయనికంగా ఎంత శిథిలమైందో చెప్పే సూచిక, 40 వచ్చింది, బొగ్గు పొరల నడుమ అంత ఎండు వాతావరణం ఎలా సాధ్యమని అడిగారు. శైథిల్యం సోకని ఫెల్డ్‌స్పార్‌కే 50 వస్తుంది. అంతకన్నా తగ్గితే నేను మొదట అనుమానించేది కాల్షియాన్నే. మీ పట్టికలో సున్నం 5.6 శాతం, కాల్చినప్పుడు తగ్గిన బరువు 5.5 శాతం. అది రేణువుల మధ్య పేరుకున్న కాల్సైట్, అంటే కాల్షియం కార్బొనేట్. ముక్క మీద పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేయండి, బుసబుస పొంగుతుంది.

సీఐఏ సూత్రం అల్యూమినాను అల్యూమినా, సున్నం, సోడా, పొటాష్‌ల మొత్తంతో భాగించి వందతో గుణించడం. అందులోకి ఫెల్డ్‌స్పార్ వంటి సిలికేట్లలోని కాల్షియమే రావాలి, అదీ మోల్‌లలో. మీ అంకెలు మారిస్తే అల్యూమినా 0.10, సున్నం 0.10, సోడా 0.02, పొటాష్ 0.03. సున్నం సోడాను మించితే సోడా విలువనే దానికీ వాడాలన్నది మెక్లెన్నన్ 1993లో చెప్పిన పద్ధతి. అప్పుడు 0.10ను 0.17తో భాగించి వందతో గుణిస్తే 59. ఓ మోస్తరు శైథిల్యం, అంతే.

ఈ ఇసుక ఏ మూలశిల నుంచి వచ్చిందో తెలియడానికి థోరియం, స్కాండియం నిష్పత్తి చూడండి. కాల్సైట్ రెండింటినీ ఒకేలా పలుచన చేస్తుంది కనుక అది పెద్దగా చెదరదు.

ఇక రోసర్-కోర్ష్ పటం (ఇసుక ఎలాంటి భూభాగంలో పేరుకుందో రసాయన కూర్పుతో అంచనా వేసేది) మీ నమూనాలను నిష్క్రియ ఖండపుటంచు, అంటే ఫలకాల కదలిక లేని ఖండపు తీరం, గడిలో పడేసిందని అక్కడ సముద్రతీరం గీయకండి. గోదావరి లోయ ఖండం లోపలి పగులు లోయ. క్వార్ట్జ్ దండిగా ఉన్న ఇసుక ఎక్కడిదైనా ఆ గడిలోకే జారుతుంది.