తుఫాను లేని తీరం

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. కోపెన్‌హేగన్‌లో చదువుకుంటూ, అక్కడి నేషనల్ గ్యాలరీలో చూసిన బొమ్మ చుట్టూ కథ అల్లాలనిపించడం మంచి సంగతి. అయితే ఆ బొమ్మ ముందు నువ్వు ఇంకాసేపు నిలబడాల్సింది. మూడో పేరాకే తుఫాను తెచ్చేశావు, ఐదో పేరాలో జాలరి మునిగిపోయాడు. బొమ్మలో ఆ రెండూ లేవు. ఎందుకు లేవని నిన్ను నువ్వు అడిగి ఉంటే కథ మరో దారి పట్టేది.

యోహాన్ థామస్ లుండ్‌బ్యూ 1843లో ఆ 'డెన్మార్క్ తీరం' గీసేనాటికి పాతికేళ్లు నిండీ నిండనివాడు. ఇంచుమించు నీ ఈడువాడే. జీలండ్ దీవిలో కిట్నెస్ దగ్గర ఓ మట్టిగట్టు, దాని కింద రాళ్లు పడి ఉన్న ఒడ్డు, నీళ్లు, పైన బోలెడంత ఆకాశం. ఓడ పగలడం లేదు, వీరుడెవరూ లేడు. కాన్వాసు మాత్రం ఎత్తు 1.9 మీటర్లకు దగ్గర, వెడల్పు రెండున్నర మీటర్ల పైమాటే. ఆ రోజుల్లో అంతటి కొలత పురాణ ఘట్టాలకూ యుద్ధాలకూ దక్కేది. పేరులేని గట్టుకు అంత చోటివ్వడం ఆ కుర్రవాడి తెగువ. నన్నడిగితే ఆ బొమ్మలో జరిగిన సంఘటన అదే.

అతని దేశం ఎంత పల్లంగా ఉంటుందో నువ్వు రోజూ చూస్తూనే ఉన్నావు. డెన్మార్క్‌లో ఎత్తయిన నేల 171 మీటర్లు కూడా లేదు. 1807లో ఇంగ్లీషువాళ్లు కోపెన్‌హేగన్‌ను ఫిరంగులతో కాల్చారు, 1813లో ఖజానా దివాలా తీసింది, మరుసటి ఏడాది నార్వే చేజారింది, దాంతోపాటే కొండలూ పోయాయి. మిగిలిన చిన్న దేశాన్ని శ్రద్ధగా చూడటం ఆ తరం చిత్రకారుల పనైంది. తన దేశాన్ని దాని నిరాడంబరతతోనే గీయడం తన జీవితాశయమని లుండ్‌బ్యూ 1842లో డైరీలో రాసుకున్నాడు. కళాకారులు స్వదేశాన్నే చిత్రించాలని హోయెన్ అనే కళా చరిత్రకారుడు 1844లో ఉపన్యాసమిచ్చాడు. అప్పటికి ఈ బొమ్మ పూర్తయి ఏడాది. దేశభక్తి ఒక్కటే అయితే నాకు ఇంతగా పట్టేది కాదు. నన్ను ఆపేవి ఆ రాళ్లు.

ఆ గట్టు రాతిగట్టు కాదమ్మా. మంచుయుగంలో హిమానీనదాలు ఈడ్చుకొచ్చి వదిలేసిన బంకమట్టి, ఇసుక, రాళ్ల కలగాపులగం. నీళ్లు అడుగున కోసేకొద్దీ పైమట్టి జారి పడుతుంది. మట్టి నీళ్లలో కొట్టుకుపోతుంది, బరువైన రాళ్లు ఒడ్డునే ఉండిపోతాయి. నార్వే, స్వీడన్ కొండల నుంచి వచ్చిన రాళ్లు కూడా డెన్మార్క్ ఒడ్డుల్లో దొరుకుతాయి. మంచుయుగం ఒకటుండేదని వాదించిన స్విస్ శాస్త్రవేత్త అగాసీ హిమానీనదాల మీద పుస్తకం వేసింది 1840లో. లుండ్‌బ్యూ కుంచె పట్టేనాటికి పండితులు దాని మీద ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదన తేలేదాకా అతను ఆగలేదు. గట్టు ఎలా వాలింది, రాయి ఎలా ఒరిగింది అన్నది కళ్లతో చూసి గీశాడు. అందుకే ఇవాళ మంచుయుగం గురించి తెలిసి చూసినా ఆ ఒడ్డు అబద్ధమనిపించదు. నీ కథలో ఒడ్డు 'అందంగా', 'విషాదంగా' ఉంది. ఏ రంగు మట్టి, ఎంతలావు రాళ్లు, నడిస్తే కాలికింద ఏముంది? ఆ మూడూ ఉంటే విషాదం ఉందో లేదో చదివేవాళ్లే చెబుతారు.

తుఫాను ఎందుకొచ్చిందో నేను ఊహించగలను. 1848 యుద్ధానికి అతను స్వచ్ఛందంగా వెళ్లి, పొరపాటున పేలిన తూటాకు ముప్ఫై నిండకుండానే పోయాడని ఎక్కడో చదివి ఉంటావు. ఆ చావును తెచ్చి ఆ నీళ్ల మీద పరిచావు. 1843లో అతనికి అది తెలియదు, ఆ గట్టుకూ తెలియదు. మనకు ముందే తెలిసిన ముగింపుతో ఎవరి పగటివెలుగునూ నల్లగా చేసే హక్కు రచయితకు లేదు. ఈ విషయంలో నేను రాజీపడను.

ఇంకొకటి. అంత పెద్ద కాన్వాసును ఒడ్డున నిలబెట్టి గీయరు. అక్కడ స్కెచ్‌లు వేసుకుని, తర్వాత గదిలో కూర్చుని పేర్చుకుంటారు. నువ్వు మొదటి పని వదిలేసి రెండోది మొదలెట్టావు. కోపెన్‌హేగన్ నుంచి రోస్కిల్డే రైల్లో అరగంట. కిట్నెస్ దాకా పోయేది ఆ ఊరి సముద్రపు పాయే. నోటుబుక్కు తీసుకుని వెళ్లు. ఉపమానాలు రాయకు, కనబడింది రాసుకో. చలి వేస్తే అదీ రాసుకో.

అమ్మ ఫోన్ చేసి 'అన్నం తిన్నావా' అని అడిగే చోట మాత్రం చెయ్యి పెట్టకు. బొమ్మ ముందు నిలబడి ఆ అమ్మాయి 'తిన్నాను' అని అబద్ధమాడటం కథలో అన్నిటికంటే నిజమైన వాక్యం. తుఫాను తీసెయ్, జాలరిని బతకనియ్. ఒడ్డుకు కనీసం రెండు పేజీలు ఇచ్చి, దసరాలోగా మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు