కొడితే 1098కి ఫోన్ చేస్తానంటున్నాడు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. బాబుకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. రెండు దెబ్బలు పడితే గానీ పుస్తకం తీయడు. మొన్న అట్లకాడ తిరగేసి కొడితే మోచెయ్యి వాచింది. ‘ఇంకోసారి కొడితే 1098కి ఫోన్ చేస్తా, స్కూల్లో చెప్పారు’ అన్నాడు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ‘కొట్టకుండా పెంచితే మగపిల్లాడు చెయ్యి దాటిపోతాడు’ అంటారు మా అత్తగారు. మావారు ఏమీ మాట్లాడరు. కన్నబిడ్డని కొట్టే హక్కు చట్టంలో తల్లికి లేదా?

– ఓ తల్లి

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండమ్మా. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ వెళ్లగానే ఎవరూ వచ్చి మిమ్మల్ని జీపెక్కించరు. మామూలుగా పిల్లాడితో, మీతో మాట్లాడతారు. గాయాలు, హింస ఉంటే విషయం బాలల సంక్షేమ కమిటీ దాకా వెళ్తుంది.

ఇక హక్కు సంగతి. బడిలో కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ సూటిగా చెప్పింది. ఇంట్లో అమ్మానాన్నల గురించి అంత సూటిగా చెప్పే చట్టం మన దేశంలో లేదు. అలాగని కొట్టుకోమని రాసిచ్చిన హక్కూ లేదు. పన్నెండేళ్లలోపు బిడ్డ మేలు కోరి, సదుద్దేశంతో పెద్దవాళ్లు చేసిన పనిని నేరంగా చూడొద్దని పాత ఐపీసీ 89వ సెక్షన్ అనేది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 27వ సెక్షన్ అయింది. తల్లిదండ్రులు చెప్పుకోగలిగేది ఆ ఒక్కటే, అందులో కొట్టడం అన్న మాటే లేదు. ఇటు 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ చూస్తే, బిడ్డ బాధ్యత చూసేవాళ్లే వాణ్ని కొట్టి అనవసరంగా బాధపెడితే మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. మీ అట్లకాడ ఈ రెండు సెక్షన్లలో దేని కిందికొస్తుందో కోర్టు తేల్చేదాకా ఎందుకు తెచ్చుకోవడం?

నా అభిప్రాయం అడిగితే, ఇంట్లోనూ వద్దని చట్టం చెప్పాల్సిందే. స్వీడన్ 1979లోనే చెప్పింది. ఎక్కడో చలిదేశం అనుకుంటారేమో, మన పక్కనున్న నేపాల్ కూడా 2018లో చెప్పింది. స్వీడన్‌లో ఆ నిబంధనకి విడిగా శిక్షేమీ పెట్టలేదు. అందరికీ తెలియాలని పాల ప్యాకెట్ల మీద అచ్చువేశారు. నాకు నచ్చింది అదే. ఒక్క దెబ్బకి తల్లిని స్టేషన్ చుట్టూ తిప్పితే ఆ పిల్లాడికి అన్నం పెట్టేదెవరు?

మీవాడు బెదిరించాడని మీరు కంగారు పడుతున్నారు. కానీ ఆ మాట ఎవరితో అన్నాడో చూడండి. నిజంగా ఫోన్ చేయదలుచుకున్నవాడు ముందు మీకు చెప్పి చేస్తాడా? నొప్పిగా ఉందమ్మా, ఇక ఆపు అని వాడు మీకే చెప్పుకుంటున్నాడు.

అట్లకాడ అన్నారు కాబట్టి అడుగుతున్నా, అప్పుడు పొయ్యి మీద అట్టు ఉంది కదూ? అంటే ఓ చేత్తో అట్టు తిరగేస్తూ ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నారు. ఇంకో మాట, పెనం మీంచి తీసిన అట్లకాడైతే చెయ్యి వాచడంతో పోయేది కాదు, కాలేది. ఎప్పుడెప్పుడు చెయ్యి చేసుకున్నారో ఓ వారం రోజులు క్యాలెండర్ మీద టైముతో సహా రాయండి. నా దగ్గరికొచ్చే తల్లుల్లో చాలామందికి అది సాయంత్రం ఏడు, ఎనిమిది మధ్యే తేలుతుంది. వాడు స్కూలు, ట్యూషను అయ్యి వచ్చి ఉంటాడు, మీరు వంటింట్లో ఉంటారు. మీ ఇంట్లోనూ అంతే అయితే చదువుని పొయ్యి దగ్గర్నుంచి తీసేయండి. ఆ అరగంట మీవారు కూర్చోబెట్టి చదివించాలి, లేదా అట్లు పోయాలి. ఏమీ మాట్లాడరన్నారుగా, దీనికి మాట్లాడక్కర్లేదు.

ఓసారి వాడి చేత ఒక పేజీ పైకి చదివించండి. కళ్లు చికిలిస్తున్నాడా, అక్షరాలు తారుమారు చేస్తున్నాడా చూడండి. అలా ఉంటే అది మొండితనం కాకపోవచ్చు. కంటి డాక్టరుకీ, పిల్లల డాక్టరుకీ చూపించండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో రెండు విభాగాలూ ఉన్నాయి.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఆవిడ పెంచిన మగపిల్లాడు మీ ఎదురుగానే ఉన్నాడు, ఏమీ మాట్లాడకుండా. (ఈ మాట మాత్రం ఆవిడతో అనకండి.)

వాడికి సారీ చెప్పండి, ‘నువ్వు చదవలేదు కాబట్టే’ అని తోక తగిలించకుండా. ఆ 1098 కూడా మీరే ఓ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. రేపు వ్యాను డ్రైవరో, ట్యూషన్ సారో ఇబ్బంది పెడితే వాడికి ఆ నంబరు కావాలి. అమ్మే ఆ నంబరంటే భయపడుతోందనుకుంటే, ఆ రోజు వాడు మీకూ చెప్పడు.