పులసకు మెట్లు కడితే ఎక్కుతుందా?

ప్రశ్న (కొవ్వూరు): పోలవరం స్పిల్‌వేలో చేపల కోసం మెట్ల దారి కట్టారు కదా. ఇక పులస పైకి వెళ్తుందని ఆశ పెట్టుకోవచ్చా?

జవాబు: ముందు ధవళేశ్వరం సంగతి తేలాలి. పోలవరానికి 42 కిలోమీటర్ల దిగువన ఉన్న ఆ బ్యారేజీ దగ్గరే, 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ, సముద్రం నుంచి వచ్చే ఇలసకు (గోదావరిలోకి ఎక్కాక దీన్నే పులస అంటాం) మొదటి అడ్డు. అది దాటని చేపకు పోలవరం మెట్లతో పనేముంది?

పెద్ద వరదలో గేట్లన్నీ పైకెత్తేస్తారు. ఎగువకూ దిగువకూ మట్టం తేడా తగ్గి, కొన్ని చేపలు దాటే వీలుంటుంది. చిక్కల్లా గేట్లు కొద్దిగా ఎత్తి అడుగు నుంచి నీరు వదిలే రోజుల్లో. తేడా 3 మీటర్లుంటే నీరు సెకనుకు 7 మీటర్లకు పైగా వేగంతో దూసుకొస్తుంది. దానికి ఏ పులసా ఎదురీదలేదు. దిగువనే గుంపు కడుతుంది, వలలూ అక్కడే పడతాయి.

ఇలస సాల్మన్‌లా ఎగిరి దూకే చేప కాదు. దీని చుట్టం అమెరికన్ షాడ్ అనే చేప నీటి అడుగున ఉండే చీకటి కంతల్లోకి దూరడానికి, సుడుల్లోకి వెళ్లడానికి జంకుతుంది. ఇలసకూ ఆ జాగ్రత్తలే తీసుకోవాలి. మెట్ల దారి అంటే ఒకదానికన్నా ఒకటి ఎత్తులో వరుసగా ఉండే నీటి తొట్టెలు. తొట్టెకూ తొట్టెకూ మట్టం తేడా 20 సెంటీమీటర్లు మించకూడదు. అప్పుడు నీటి వేగం సెకనుకు 2 మీటర్ల దగ్గర ఉంటుంది. 3 మీటర్లు ఎక్కడానికి ఇలాంటివి 15 అంచెలు కావాలి. సెకనుకు ఒక ఘనపు మీటరు పారే దారిలో ఒక్కో తొట్టెలో కనీసం 13 ఘనపు మీటర్ల నీరు నిలవాలి. తొట్టె చిన్నదైతే నీరు కుతకుతలాడి చేప వెనక్కి మళ్లుతుంది. తొట్టెల మధ్య గోడలో చేప దాటే చీలికను పైనుంచి అడుగు దాకా తెరిచే ఉంచాలి, పైకప్పు వద్దు.

ఎక్కువ మెట్లు విఫలమయ్యేది మాత్రం లోపల కాదు, ప్రవేశం దగ్గర. సెకనుకు ఒక ఘనపు మీటరంటే సుమారు 35 క్యూసెక్కులు. గోదావరిలో 5 లక్షల క్యూసెక్కులు పారుతుంటే ఆ సన్నటి ధార చేపకు ఎలా తెలుస్తుంది? అందుకే ప్రవేశం చేపలు గుమిగూడే చోటే, గేటు పక్కనే ఉండాలి. అక్కడ అదనపు నీటిని కూడా వదలాలి. ఆ చోటు ఏదో జాలర్లకు తెలిసినంతగా డ్రాయింగు గీసేవారికి తెలియదు.

ప్రశ్న (రాజమహేంద్రవరం): పులస పిల్లల్ని బ్యారేజీకి ఎగువన వదిలితే చాలదా?

జవాబు: పశ్చిమ బెంగాల్‌లోని ఫరక్కా బ్యారేజీకి ఎగువన గంగలో ఇలసలను వదులుతున్నారు. కానీ ఈ పిల్లలు తిరిగి సముద్రం చేరాలి. ఇక్కడ డెల్టా కాలువల హెడ్ స్లూయిజులు (కాలువ మొదట్లోని తూములు) తెరిచి ఉంటే అటే పోయి పొలాల్లో తేలతాయి. కాలువ తలల దగ్గర ఏర్పాటేమీ చేయకుండా వదలడం వృథా.

ప్రశ్న (పాడేరు): కలప లారీల దారికి వాగు మీద హ్యూమ్ పైపులు (గుండ్రటి కాంక్రీటు గొట్టాలు) వేశారు. పరిగె చేపలు పైకి రావడం లేదు.

జవాబు: ఇరుకు పైపులో నీరు వేగం పుంజుకుని, బయటికి పడేచోట గుంట తవ్వుతుంది. కొన్నేళ్లకు పైపు మూతి నీటిపైన వేలాడుతుంది. పరిగె అంత ఎత్తు ఎగరలేదు. తాత్కాలికంగా దిగువన బండరాళ్లతో అడ్డకట్టు పేర్చి, నీటిమట్టాన్ని పైపు లోపలి దాకా లేపండి. శాశ్వతంగా అయితే పైపులు తీసి వెడల్పాటి కల్వర్టు వేయాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో వాడే లెక్క: వాగు ఒడ్ల నిండా పారినప్పటి వెడల్పును 1.2తో గుణించి, 0.6 మీటర్లు కలపాలి. వాగు 3 మీటర్లయితే కల్వర్టు 4.2 మీటర్లు. వాలు వాగుదే ఉంచి, లోపల వాగు రాళ్లూ గులకా పరవండి. రోడ్డు పక్క కాలువను మాత్రం నేరుగా వాగులో కలపకుండా చెట్లలోకి మళ్లించండి. లేకుంటే ఎర్రమట్టి దిగి గుడ్లు పెట్టే గులకంతా పూడిపోతుంది.