‘ఉనికి’ గుణమేనా?

సందేహం: ‘గులాబీకి రంగు ఉంది, వాసన ఉంది’ అంటాం. అలాగే ‘గులాబీకి ఉనికి ఉంది’ అనొచ్చా? రంగు, వాసనల్లాగే ఉనికి కూడా వస్తువుకు ఉండే ఒక గుణమేనా?

సమాధానం: అనొచ్చు, వ్యాకరణదోషం ఏమీ లేదు. కాకపోతే చెప్పిందే మళ్లీ చెప్పినట్టు. ‘మను’ నుంచి ‘మనికి’ వచ్చినట్టే ‘ఉండు’ నుంచి ‘ఉనికి’ వచ్చింది. ‘ఉండటం ఉంది’ అన్నారన్నమాట. ‘దానికంటూ ఒక ఉనికి లేదు’ అనేది వేరే ప్రయోగం. అక్కడ ఉనికికి గుర్తింపు అని అర్థం కాబట్టి పేచీ లేదు.

ఇక గుణం సంగతి. ‘ఎర్ర గులాబీ’, ‘వాడిన గులాబీ’ అన్నప్పుడు గులాబీల్లో కొన్నిటిని వేరు చేస్తున్నాం. ‘ఉన్న గులాబీ’ అని చూడండి. ‘ఎక్కడ ఉన్న?’ అని వెంటనే అడగబుద్ధవుతుంది. ఉన్నవి ఒక రకం, లేనివి ఇంకో రకం అని గులాబీలను ఏరిపెట్టలేం. (‘ఉన్నవాడు, లేనివాడు’ అంటాం కదా అంటారేమో. అక్కడ లేనిది డబ్బు, మనిషి కాదు.)

జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1781లో చెప్పిందీ ఇలాంటిదే. ఊహలోని వంద టాలర్లలో (అప్పటి జర్మన్ వెండి నాణేలు) ఎన్ని నాణేలున్నాయో నిజం టాలర్లలోనూ అన్నే. నిజంగా ఉన్నంత మాత్రాన వంద నూటొకటి కాదు. జేబుకు మాత్రం తేడా తెలుస్తుందని ఆయనా ఒప్పుకున్నాడు! మన తార్కికుల 24 గుణాల పట్టికలో రూపం, రసం, గంధం ఉన్నాయి గానీ ‘సత్త’ (అంటే ఉనికే) లేదు. అలాగని వాళ్లదీ కాంట్ మాటే అని సంబరపడక్కర్లేదు. సత్త అనేది ద్రవ్యం (వస్తువు), గుణం, కర్మ (కదలిక) మూడింటిలోనూ నిజంగా ఉండే సామాన్యమని, అంటే అన్నిటికీ ఉమ్మడిగా ఉండే లక్షణమని, సామాన్యాలన్నిటిలో అదే పెద్దదని వాళ్ల లెక్క.

నాకు ఇంకా ఆసక్తిగా అనిపించేది ‘లేదు’. ‘దయ్యాలు లేవు’ అంటే, లేని దయ్యాలను పట్టుకొచ్చి వాటికి లేకపోవడం అనే గుణం అంటగడుతున్నామా? కాదు. లోకంలో దేన్ని చూపించినా ‘ఇది దయ్యం కాదు’ అంటున్నాం, అంతే. ‘లేదు’ను విప్పితే ‘కాదు’ బయటపడింది. ఉనికిని నిరాకరించడం అంటే లెక్క సున్నా అని చెప్పడమే అన్న జర్మన్ తర్కవేత్త ఫ్రెగె (1884) వాదం కూడా ఇదే దారి. కుందేటికొమ్ము విషయంలో మనకు ఆ చిక్కే రాదు. ‘కుందేలుకు కొమ్ములు లేవు’ అనేస్తాం. మాట కుందేలు గురించి అయిపోయింది, అది నిక్షేపంగా ఉంది.

నేనూ ‘గుణం కాదు’ వైపే. అయితే ఒక్క వాక్యం దగ్గర తడబడతాను. చనిపోయినవారి గురించి ‘ఆయన ఇప్పుడు లేరు’ అంటాం. దాన్ని ‘ఇప్పుడున్నవాళ్లలో ఎవరూ ఆయన కారు’ అని విప్పితే తర్కానికి సరిపోతుందేమో గానీ, అలా ఎవరూ అనరు. అక్కడ మాట లోకంలోని మిగతావాళ్ల గురించి కాదు, ఆయన గురించే.