వైడల్ మళ్ళీ పాజిటివ్ వచ్చిందంటే టైఫాయిడ్ తగ్గనట్టేనా?

మీరు అడిగింది ఇదీ: మీ తమ్ముడికి ఏడాదిలో మూడుసార్లు టైఫాయిడ్ అన్నారు, ప్రతిసారీ వైడల్ (టైఫాయిడ్ ఉందేమోనని చేసే రక్తపరీక్ష) 1:160 వచ్చింది, కోర్సు పూర్తయ్యాక మళ్ళీ చేయిస్తే ఇంకా 1:160 ఉంది, కాబట్టి బ్యాక్టీరియా ఒంట్లోనే ఉండిపోయిందా, అసలు కల్చర్ అంటే ఏంటి, దానికి అన్ని రోజులు ఎందుకు అని.

ఉండిపోయిందని ఆ రిపోర్టు చెప్పట్లేదండి. ఇంకా చెప్పాలంటే, ఆ మూడుసార్లలో ఒక్కసారైనా అది నిజంగా టైఫాయిడేనా అన్నది కూడా ఆ అంకెతో తేలదు. నేను మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో కల్చర్ సెక్షన్‌లో పనిచేస్తున్నాను. డాక్టర్ని కాను కాబట్టి మందుల విషయం మీ డాక్టరుతోనే మాట్లాడండి. ఈ రిపోర్టులు ఎలా తయారవుతాయో మాత్రం రోజూ చూస్తున్నదాన్ని గనక అదే రాస్తాను.

టైఫాయిడ్ తెచ్చేది సాల్మొనెల్లా టైఫీ అనే బ్యాక్టీరియా. గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే గులాబీ రంగులో పొట్టి కడ్డీల్లా కనిపిస్తుంది, అంటే గ్రామ్ నెగెటివ్. (మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా కూడా అచ్చం అలాగే ఉంటుంది, స్టెయిన్ ఒక్కటే చూసి ఇది ఫలానా అని చెప్పడం ఎవరివల్లా కాదు.) ఇది మనుషుల్లో తప్ప జంతువుల్లో ఉండదు. రోగి మలం నుంచి నీళ్ళలోకో తిండిలోకో, అక్కడ్నుంచి ఇంకొకరి నోట్లోకి వెళ్తుంది. మామూలు విరేచనాల క్రిముల్లాగా పేగుల్లో ఆగిపోదు. చిన్నపేగు చివరి భాగంలో గోడ దాటి, క్రిముల్ని మింగి చంపాల్సిన మాక్రోఫేజ్ కణాల్లోనే దూరి, వాటి లోపలే బతుకుతూ కాలేయం, ప్లీహం, ఎముక మజ్జ దాకా వెళ్ళి పెరుగుతుంది. ఈ తతంగం జరిగే వారం రెండు వారాలూ మనిషికి ఏమీ తెలియదు. అక్కడ బాగా పెరిగి మళ్ళీ రక్తంలోకి వచ్చినప్పుడే జ్వరం మొదలవుతుంది. కాబట్టి నిన్న పానీపూరీ తిన్నాడు, ఇవాళ టైఫాయిడ్ వచ్చింది అంటే ఆ పానీపూరీ బండివాడి తప్పు లేనట్టే. అంతకుముందు ఎప్పుడో తిన్నదో తాగిందో అయ్యుంటుంది.

ఇక వైడల్. ఫ్రాన్స్‌లో ఫెర్నాండ్ వైడల్ అనే డాక్టరు 1896లో తెచ్చిన టెస్ట్ ఇది, ఇప్పటికీ మన ఊళ్ళలో జ్వరం అనగానే రాసేది ఇదే. ఇందులో బ్యాక్టీరియాని వెతకరు. చంపేసిన టైఫాయిడ్ బ్యాక్టీరియా ఉన్న ద్రవం సీసాల్లో కొనుక్కొస్తాం, దాన్ని మీ తమ్ముడి సీరంతో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంతో కలుపుతాం. సీరంలో దానికి తగిన యాంటీబాడీలుంటే (క్రిముల మీద పోరాడటానికి ఒళ్ళు తయారుచేసుకునేవి) ఉండలు కడుతుంది. సీరంని ఎంత పలచన చేసినా ఇంకా ఉండలు కడుతోందో ఆ చివరి అంకే 1:80, 1:160, 1:320 అని రాస్తారు, దాన్నే టైటర్ అంటారు. రిపోర్టులో టీఓ అంటే బ్యాక్టీరియా పైపొర మీద వచ్చే యాంటీబాడీ, టీహెచ్ అంటే దాని తోకల మీద వచ్చేది, ఏహెచ్, బీహెచ్ అనేవి టైఫాయిడ్‌కి చుట్టంలాంటి పారాటైఫాయిడ్ జ్వరానివి. టీహెచ్ ఒకసారి పెరిగిందంటే నెలల తరబడి, ఒక్కోసారి ఇంకా ఎక్కువకాలం అలాగే ఉంటుంది. దొంగ పారిపోయినా ఊళ్ళో గస్తీ కొన్నాళ్ళు తిరుగుతూనే ఉంటుంది కదా, ఇదీ అంతే. మందులు వాడాక వైడల్ మళ్ళీ చేయించి, 'ఇంకా కొంచెం టైఫాయిడ్ ఉంది, ఇంకో ఐదు రోజులు సెలైన్ ఎక్కిద్దాం' అనడానికి అర్థమే లేదు. టైఫాయిడ్ తగ్గిందా లేదా అన్నది జ్వరం, ఆకలి, మనిషి పరిస్థితి చెప్పాలి గానీ వైడల్ కాదు.

మొదటిసారి వచ్చిన 1:160నైనా నమ్మొచ్చా అంటే, ఒక్కదాన్నే చూసి నమ్మలేం. టైఫాయిడ్ తిరుగుతూ ఉండే మనలాంటి చోట్ల జ్వరం లేని మామూలు మనుషుల్లోనూ కొంత టైటర్ ఉంటుంది. మలేరియా, డెంగ్యూ లాంటి వేరే జ్వరాల్లో కూడా ఈ అంకెలు పెరగొచ్చు. తిరకాసు ఏంటంటే, అసలు టైఫాయిడ్ ఉన్నవాళ్ళకి మొదటి వారంలో వైడల్ నెగెటివ్ రావచ్చు, ఎందుకంటే యాంటీబాడీలు తయారవ్వడానికే టైం పడుతుంది. పుస్తకం ప్రకారం అయితే వారం పది రోజుల తేడాతో రెండు శాంపిల్స్ తీసి, రెండోదాంట్లో టైటర్ నాలుగు రెట్లు పెరిగితేనే లెక్క. అలా రెండోసారి తీయించుకునేవాళ్ళని నేను పెద్దగా చూడలేదు. పైగా చాలాచోట్ల చేసేది ట్యూబ్ పద్ధతి కాదు, స్లైడ్ మీద రెండు చుక్కలు కలిపి నిమిషంలో చూసేయడం. ఉండలు కట్టిందా లేదా అన్నది చూసేవాళ్ళ కంటిని బట్టి మారుతుంది. టైఫీడాట్ అనే రాపిడ్ కార్డులు కూడా యాంటీబాడీలే చూస్తాయి, వాటికీ ఇంచుమించు ఇవే ఇబ్బందులు.

మా పిన్ని కొడుకు ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్లో జ్వరం వస్తే ఇదే జరిగింది. వైడల్ 1:160 అని చూసి టైఫాయిడ్ అని ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, మా పిన్ని పథ్యం అని ఇడ్లీ, బ్రెడ్డు తప్ప ఇంకేం పెట్టలేదు. జ్వరం తగ్గినట్టే తగ్గి ప్లేట్‌లెట్లు పడిపోయేసరికి అందరికీ టెన్షన్, అప్పుడు డెంగ్యూ టెస్ట్ చేయిస్తే అసలు సంగతి అదీ. వాడు బాగానే బయటపడ్డాడు. కానీ ఆ పాత రిపోర్టు పట్టుకుని ఇప్పటికీ మా ఇంట్లో 'వాడికి టైఫాయిడ్ వచ్చింది కదా' అనే అంటారు, నేను ఎన్నిసార్లు చెప్పినా.

ఇప్పుడు కల్చర్ దగ్గరికొద్దాం. కల్చర్ అంటే రక్తంలో ఉన్న బ్యాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి చూడటం, అంటే ఇందులో వెతికేది బతికున్న బ్యాక్టీరియానే. సమస్య ఏంటంటే, అంత జ్వరం ఉన్నా రక్తంలో ఈ బ్యాక్టీరియా చాలా కొద్దిగా ఉంటుంది, ఒక మిల్లీలీటరులో ఒక్కటి కూడా దొరక్కపోవచ్చు. అందుకే పెద్దవాళ్ళకైతే ఒక బాటిల్‌కి 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం అడుగుతాం. అంత రక్తమా అని పేషెంట్ తరపువాళ్ళు గొడవపడతారు, పాపం సిస్టర్లు మొహమాటపడి రెండు మిల్లీలీటర్లు తీసి పంపిస్తారు, తర్వాత కల్చర్ నెగెటివ్ వచ్చిందని మళ్ళీ మమ్మల్నే అంటారు! రక్తం తీసేముందు చర్మం సరిగ్గా శుభ్రం చేయకపోతే చర్మం మీదుండే స్టెఫైలోకాకస్‌లు బాటిల్లో పెరిగి అదొక తలనొప్పి.

బాటిల్ మెషీన్లో పెడతాం. లోపల బ్యాక్టీరియా పెరిగితే కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, దాన్ని పసిగట్టి మెషీన్ చెప్తుంది. టైఫీ ఉంటే మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తెలుస్తుంది. అప్పుడు అందులోంచి ఒక చుక్క తీసి మెకాంకీ అగార్ ప్లేట్ (బ్యాక్టీరియా పెరగడానికి తిండి ఉండే పళ్ళెం) మీద గీసి రాత్రంతా ఇంక్యుబేటర్లో ఉంచుతాం. ఈ.కోలై అయితే అందులోని లాక్టోజ్ అనే చక్కెరని పులియబెట్టి గులాబీ రంగు కాలనీలు (గుంపులు) కడుతుంది, టైఫీ లాక్టోజ్‌ని పులియబెట్టదు, దాని కాలనీలకు రంగుండదు. తర్వాత ట్రిపుల్ షుగర్ ఐరన్ అనే ట్యూబ్‌లో పెంచితే పైన ఎరుపు, అడుగున పసుపు, మధ్యలో సన్నని నల్లని గీత, గ్యాస్ ఉండదు. ఆ గీత కనిపించిందంటే ఇక దాదాపు తెలిసిపోయినట్టే. టైఫీకి తగిన యాంటీబాడీలుండే యాంటీసీరంతో ఖాయం చేసుకుని, ఏ మందుకి లొంగుతుందో చూడటానికి ఇంకో రోజు. మొత్తం మూడు నాలుగు రోజులు అలా పోతాయి. ఏమీ పెరగలేదని చెప్పాలంటే మాత్రం ఐదు రోజులూ ఆగాల్సిందే.

ఇంతా చేసి కల్చర్ కూడా నూటికి నూరుపాళ్ళు పట్టదు, అది కూడా చెప్పాలి. నిజంగా టైఫాయిడ్ ఉన్న పదిమందిలో సుమారు ఆరుగురికే పాజిటివ్ వస్తుంది. ఎముక మజ్జ తీసి చేస్తే ఎక్కువమందిలో దొరుకుతుంది గానీ మామూలు జ్వరానికి అంతదూరం ఎవరూ వెళ్ళరు. ఆ ఆరుగురు కూడా మందుల షాపులో రెండు రోజులు యాంటీబయాటిక్ కొనుక్కుని మింగి వస్తే ఇంకా తగ్గిపోతారు. రక్తం మొదటి వారంలో, మొదటి డోసు పడకముందే తీయాలి. మీ తమ్ముడికి మళ్ళీ జ్వరం వచ్చి రెండు మూడు రోజులైనా తగ్గకపోతే డాక్టర్ని అడగాల్సింది ఇదొక్కటే, యాంటీబయాటిక్ మొదలుపెట్టేముందు బ్లడ్ కల్చర్‌కి తీయండి అని. దాంతోపాటు మలేరియా, డెంగ్యూ కూడా చూస్తారు. కల్చర్‌కి తీశాక రిపోర్టు కోసం ఆగక్కర్లేదు, అవసరమనుకుంటే డాక్టరు మందు మొదలుపెట్టేస్తారు.

కల్చర్ వల్ల ఇంకో పెద్ద లాభం సెన్సిటివిటీ రిపోర్టు, అంటే ఏ మందుకి లొంగుతుందో చెప్పేది. ఒకప్పుడు టైఫాయిడ్ అంటే క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్, అంతే. 1972లో కేరళలోని కోళికోడ్‌లో దానికి లొంగని టైఫాయిడ్ ప్రబలింది. తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్ వచ్చింది, ఇప్పుడు నా టేబుల్ మీదికొచ్చే టైఫీలో సిప్రోకి బాగా లొంగేది కనిపిస్తే ఆశ్చర్యమే. విచిత్రంగా క్లోరాంఫెనికాల్‌కి మళ్ళీ లొంగేవి కనిపిస్తున్నాయి. ప్రస్తుతం ఎక్కువగా వాడేవి సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్. పాకిస్తాన్‌లో 2016 చివర్లో సెఫ్ట్రియాక్సోన్‌కి కూడా లొంగని రకం బయటపడింది, అది మొదలైంది హైదరాబాద్‌లోనే, మనది కాదు లెండి, సింధ్‌లోది. ఒకమాట గుర్తుంచుకోండి, సరైన మందు పడినా టైఫాయిడ్ జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పడుతుంది. మూడో రోజుకే మందు పనిచేయట్లేదని డాక్టర్ని మార్చేస్తే కొత్త డాక్టరు కొత్త మందు రాస్తారు, రెండూ సగం సగం అవుతాయి.

మీ అసలు భయానికి వస్తే, బ్యాక్టీరియా ఉండిపోవడం అనేది నిజంగానే ఉంది. తగ్గిన రెండు మూడు వారాలకు తిరగబెట్టడం కొద్దిమందిలో జరుగుతుంది. ఇంకా కొద్దిమందిలో అది పిత్తాశయంలో, ముఖ్యంగా అక్కడ రాళ్ళుంటే, ఏళ్ళ తరబడి ఉండిపోయి మలంలో పోతూ ఉంటుంది. న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే వంటమనిషి సంగతి మీరు వినే ఉంటారు, 1907లో పట్టుకునేసరికి ఆవిడకి ఏ జ్వరమూ లేదు, వండిపెట్టిన ఇళ్ళలో మాత్రం టైఫాయిడ్. ఇలాంటి క్యారియర్‌ని పట్టేది వైడల్ కాదు, వేర్వేరు రోజుల్లో చేసే మలం కల్చర్. మీ తమ్ముడికి కల్చర్‌లో రెండోసారి టైఫీ దొరికితే అప్పుడు మలం కల్చర్, పొట్ట స్కానింగ్ గురించి డాక్టర్ని అడగండి. అంతవరకు ఆ దారిలో ఆలోచించి భయపడకండి.

టీకా కూడా ఉంది. ఒక్క డోసు టైఫాయిడ్ కాంజుగేట్ టీకా, మన హైదరాబాద్ కంపెనీలే చేస్తాయి, భారత్ బయోటెక్‌ది టైప్‌బార్ టీసీవీ, బయోలాజికల్ ఈ వాళ్ళది టైఫిబెవ్. హాస్టల్ నీళ్ళు తాగే పిల్లలకి వేయించడం మంచిదేనని నా అభిప్రాయం. పారాటైఫాయిడ్‌కి అది పనిచేయదు. జ్వరం ఉండగా కాకుండా, పూర్తిగా కోలుకున్నాక ఎప్పుడు వేయించాలో డాక్టరు చెప్తారు.

ఈసారి వెళ్ళేటప్పుడు ఆ వైడల్ రిపోర్టుల కంటే పాత ప్రిస్క్రిప్షన్లు వెతికి పట్టుకెళ్ళండి. ఏ యాంటీబయాటిక్, ఎంత డోసు, ఎన్ని రోజులు, మధ్యలో ఆపేశాడా, జ్వరం ఎన్నో రోజుకి దిగింది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసివ్వండి. డాక్టరు మొదట అడిగేది అదే.