సుపరిపాలన సూత్రాలు ఎనిమిదీ బయట ఎక్కడ కనిపిస్తాయి?

గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతున్నానని, సుపరిపాలన అర్థం, సూత్రాలు కంఠతా వచ్చేశాయని, కానీ అవి నిజంగా ఎక్కడ కనిపిస్తాయో, జవాబులో ఏ ఉదాహరణ రాయాలో తెలియడం లేదని అడిగారు. నేను అధికారిని కాను. మాది అనంతపురం జిల్లా, చాలా ఏళ్లుగా బెంగళూరులో కె.ఆర్.పురం వైపు ఉంటున్నాను. మా చుట్టుపక్కల తెలుగువాళ్లకు అర్జీలు రాసిపెట్టడం, ఆఫీసులకు తోడు వెళ్లడం అలవాటైంది. అక్కడ చూసినదాన్ని బట్టే చెబుతున్నాను.

నా లెక్కలో సుపరిపాలన అంటే ఇది: ఎవరూ తెలియని మనిషికీ, ఎమ్మెల్యే తెలిసిన మనిషికీ ఒకే పని ఒకే గడువులో జరగాలి. జరగకపోతే ఎందుకు జరగలేదో రాతపూర్వకంగా చెప్పాల్సిన అధికారి ఉండాలి. ఆ అధికారి తప్పు చెబితే అడగడానికి పైన ఇంకొకరు ఉండాలి.

పుస్తకంలో ఉన్న ఎనిమిది సూత్రాలు ఐక్యరాజ్యసమితి ఆసియా-పసిఫిక్ సంఘం చెప్పినవి: భాగస్వామ్యం, చట్టబద్ధ పాలన, పారదర్శకత, స్పందన, ఏకాభిప్రాయం, సమానత, సమర్థత, జవాబుదారీతనం. ఈ చర్చ ప్రపంచమంతా పాకింది 1989లో ఆఫ్రికా మీద ప్రపంచ బ్యాంకు ఇచ్చిన నివేదికతో. అక్కడి కష్టాలకు మూలం పాలనా సంక్షోభమేనని అందులో రాశారు. అప్పు ఇచ్చే సంస్థ, పైగా దేశాల రాజకీయాల్లో వేలు పెట్టకూడదని తన నిబంధనల్లోనే ఉన్న సంస్థ కాబట్టి, లెక్కలు, కాంట్రాక్టులు, కోర్టులు, సమర్థత గురించి ఎక్కువగా, ఓటు గురించి తక్కువగా మాట్లాడింది. పరీక్షకు ఇది పనికొస్తుంది. కానీ మన దేశంలో ఈ సూత్రాలకు ప్రాణం పోసింది కూలివాళ్లు. 1990లలో రాజస్థాన్‌లో కరువు పనులు చేసిన కూలీలు "మా పేరు మీద ఎంత కూలి రాసుకున్నారో ఆ మస్టర్ రోల్ (కూలీల హాజరు, కూలి రాసే పట్టీ) చూపించండి" అని కూర్చున్నారు. 2005 సమాచార హక్కు చట్టానికి దారి వేసింది ఆ పోరాటమే. మీ జవాబులో ఈ ముక్క తప్పకుండా రాయండి.

ఇక నేను దగ్గరగా చూసిన ఒక సంగతి. మా అపార్ట్‌మెంట్‌లో నాలుగిళ్లలో వంట చేసే ఆవిడది కదిరి దగ్గర పల్లె. కూతురు ఇక్కడే పుట్టి పెరిగింది, పీయూసీ (మన ఇంటర్) చదువుతోంది. స్కాలర్‌షిప్‌కి ఆదాయ ధ్రువీకరణ పత్రం కావాలి. కర్ణాటకలో సకాల అని ఒక చట్టం ఉంది. 2011లో చేశారు, 2012 ఏప్రిల్ నుంచి రాష్ట్రమంతా అమల్లో ఉంది. అర్జీ ఇవ్వగానే ఒక నంబరున్న రసీదు ఇస్తారు. ఏ సేవకు ఎన్ని రోజులో ముందే ప్రకటించి ఉంటుంది. గడువు దాటితే రోజుకు 20 రూపాయలు, గరిష్ఠంగా 500 రూపాయలు అర్జీదారు పరిహారంగా అడగొచ్చు, అది ఆలస్యానికి బాధ్యుడైన అధికారి జీతం నుంచే రావాలి. డబ్బు చిన్నదే. కానీ ఫలానా పనికి ఫలానా అధికారి బాధ్యుడు అని చట్టంలో ఎక్కడం చిన్న విషయం కాదు. ఇలాంటి చట్టం దేశంలో మొదట చేసింది మధ్యప్రదేశ్, 2010లో.

ఆవిడ అర్జీ పెట్టి రసీదు తెచ్చుకుంది. ఆఫీసు బయట కూర్చునే ఏజెంటు, "అది పట్టుకుని తిరిగితే పని కాదమ్మా, నాకివ్వు, నేను చేయిస్తా" అన్నాడట. ఆవిడ ఇవ్వలేదు. గడువు ఇంకో రెండు రోజుల్లో ముగుస్తుందనగా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: అర్జీ తిరస్కరించాం, పత్రాలు చాలవు. ఏ పత్రం చాలదో ఒక్క మాట లేదు. ఆ రసీదు నా చేతికిచ్చి, "ఏం తక్కువైందో చెప్తే తెచ్చిస్తాను కదన్నా, చెప్పకపోతే ఏం తెచ్చేది?" అంది. పాలనాశాస్త్రం మీద నేను చదివిన పేజీలన్నిటికంటే ఆ ప్రశ్నే నాకు బాగా గుర్తుండిపోయింది.

ఇక్కడ జరిగింది గమనించండి. కాగితం మీద చూస్తే ఆ ఆఫీసు గడువు లోపలే అర్జీని 'పరిష్కరించింది'. ఆలస్యం లెక్కలోకి రాదు, పరిహారం లేదు, నెలవారీ నివేదికలో నూటికి నూరు మార్కులు. అంటే సమర్థత అనే సూత్రం నెగ్గినట్టు కనిపిస్తుంది, న్యాయం మాత్రం జరగలేదు. అందుకే అంకెలు చూసి పాలన బాగుందనడం నాకు నచ్చదు. తిరస్కరించిన ప్రతి అర్జీ మీద కారణం ఉందా, ఆ కారణం అర్జీదారుకు అర్థమయ్యే మాటల్లో ఉందా అన్నది చూడాలి.

అయితే అదే చట్టంలో అప్పీలు దారి కూడా ఉంది. ఒక కాగితం మీద రసీదు నంబరు, తిరస్కరించిన తేదీ, "ఏ పత్రం లోపించిందో తెలియజేయలేదు" అన్న ఒక్క వాక్యం రాసి పై అధికారికి ఇచ్చాం. పిలిచినరోజు ఆవిడతో నేనూ వెళ్లాను. ఆయన కింది ఉద్యోగిని అడిగారు, ఏ పత్రం లేదు అని. ఆ ఉద్యోగి ఫైలు తిరగేశాడు, జవాబు రాలేదు. అన్నీ ఉన్నాయి. ఆ వారంలోనే పత్రం చేతికొచ్చింది. ఆ పై అధికారి మంచివారే, కాదనను. కానీ ఆయన మంచితనం మీద ఆవిడ ఆధారపడాల్సిన అవసరం రాలేదు. అడగడం ఆయన విధి అని చట్టం రాసి ఉంచింది, అందుకే ఆయన అడిగారు. మంచి అధికారి వేరు, మంచి పాలన వేరు అని నేను గట్టిగా నమ్మేది ఇందుకే. మంచి అధికారి బదిలీ అయితే మనం దిగులు పడుతున్నామంటే అక్కడ వ్యవస్థ ఇంకా తయారు కాలేదన్నమాట.

భాగస్వామ్యం సంగతికొస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్‌లో అమల్లోకి వచ్చింది. అయిదేళ్ల గడువు ముగిసేలోపు నగరపాలక ఎన్నికలు పూర్తి కావాలని, జనాభా మూడు లక్షలు, ఆపైన ఉన్న ఊళ్లలో వార్డు కమిటీలు ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. బెంగళూరులో 198 వార్డులకు చివరిసారి ఓటు వేసింది 2015లో. ఆ కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి అధికారులే నడిపారు. 2025లో కొత్త చట్టం కింద ఊరిని అయిదు కార్పొరేషన్లు చేసేనాటికి కూడా ఎన్నికైన కౌన్సిల్ లేదు. 1688లో పుట్టిన చెన్నై కార్పొరేషన్‌దీ ఇదే కథ, 2016 నుంచి 2022 దాకా కౌన్సిల్ లేదు.

దీని ఫలితం వీధిలో తెలుస్తుంది. మా రోడ్డును పైపుల కోసం తవ్వి వదిలేశారు. ఏ శాఖను అడిగినా ఇంకో శాఖ పేరు చెప్పింది. కార్పొరేటర్ ఉన్న రోజుల్లో ఆయన పని చేసినా చేయకపోయినా పొద్దున్నే ఇంటి ముందు నిలబడి నాలుగు మాటలు అడిగేవాళ్లం. మళ్లీ ఓటుకు రావాలి కాబట్టి వినేవాడు.

ఇదే సమయంలో మా జిల్లా గుర్తొస్తుంది. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మొదలుపెట్టింది అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఆ తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీ కోసం విడిగా ఒక సంస్థనే పెట్టింది. పని చేసినవాళ్ల పేర్లు, ఇచ్చిన కూలి ఊరందరి ముందు చదువుతారు. "నేను ఆ వారం పనికే పోలేదు, నా పేరెట్లా వచ్చింది?" అని ఒక ముసలావిడ లేచి అడగడం నేను మా ఊళ్లో చూశాను. అన్ని చోట్లా సక్రమంగా జరిగిందని, తిన్నారని తేలిన డబ్బంతా రాబట్టారని నేననను. కానీ చదువురాని మనిషికి లెక్క అడిగే చోటు ఊళ్లో ఉంది. కోటి మంది దాటిన, కంప్యూటర్ల ఊరిలో మా వార్డు డబ్బు లెక్క వినే సభ మాకు లేకపోయింది.

సమానత గురించి ఒక మాట. మా వైపు రోడ్లు ఊడ్చే పౌరకార్మికుల్లో చాలామంది తెలుగు మాట్లాడే దళిత స్త్రీలు. ఒకప్పుడు జీతం కాంట్రాక్టర్ చేతి నుంచి వచ్చేది. తక్కువెందుకు వచ్చిందంటే కాంట్రాక్టర్ కార్పొరేషన్‌ని చూపేవాడు, కార్పొరేషన్ కాంట్రాక్టర్‌ని చూపేది. 2018 నుంచి కార్పొరేషనే నేరుగా బ్యాంకులో వేయడం మొదలుపెట్టింది. 2025 మే డే నాడు 12 వేల మందికి పైగా పర్మనెంట్ నియామక పత్రాలు ఇచ్చారు. సంఘాలు ఏళ్ల తరబడి పోరాడితే వచ్చినవి ఇవి. మధ్యలో మనిషి తప్పుకుంటే జవాబు చెప్పాల్సింది ఎవరో తేలిపోతుంది.

జవాబు రాసేటప్పుడు ఎనిమిదింటికీ సమానంగా రెండేసి వాక్యాలు ఇవ్వకండి. జవాబుదారీతనాన్ని నడుమ పెట్టి మిగతావాటిని దానికి కలపండి. సమాచార హక్కు గురించి రాస్తే 30 రోజుల గడువుతో ఆపేయకుండా, అడగకముందే వివరాలు బయటపెట్టాలని చెప్పే 4వ సెక్షన్ కూడా రాయండి. వీలైతే మీ మండలంలో సామాజిక తనిఖీ ఎప్పుడుందో ఎంపీడీఓ ఆఫీసులో కనుక్కుని ఒకసారి వెళ్లి కూర్చోండి. ఎవరు లేచి మాట్లాడుతున్నారో, వాళ్ల మాట రిజిస్టర్‌లో రాస్తున్నారో లేదో చూసి రండి.