గ్యారార్డ్ కోసం ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: నా వయసు 54. అనంతపురంలో ప్రభుత్వ ఉద్యోగం. చిన్నప్పుడు మా మేనమామ ఇంట్లో గ్యారార్డ్ 401 టర్న్‌టేబుల్ (గ్రామఫోను రికార్డులు తిప్పే యంత్రం) ఉండేది. మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఇప్పుడు బెంగళూరులో ఒకాయన అదే మోడల్, వాల్వు (గాజు గొట్టాల) యాంప్లిఫయర్, స్పీకర్లు, అట్టపెట్టె నిండా పాత హై-ఫై పత్రికలు కలిపి రూ.1,80,000కు ఇస్తానంటున్నాడు. మంచి పెట్టుబడి అంటున్నాడు. పాప పీజీ కోసం దాచిన ఎఫ్‌డీ తీయనా, పర్సనల్ లోన్ పెట్టనా? మా ఆవిడ రెండూ వద్దంటోంది.

జవాబు: ఆవిడ మాటే నాదీ. అలాగని సెట్టు కొనొద్దని కాదండీ.

ముందు ఆ 'పెట్టుబడి' మాట పక్కన పెట్టండి. బంగారమైతే అవసరానికి ఏ కొట్టుకు తీసుకెళ్లినా గంటలో డబ్బు చేతిలో పడుతుంది. వాల్వు యాంప్లిఫయర్ మోసుకుని ఊళ్లో ఎవరి గుమ్మం ఎక్కుతారు? మళ్లీ బెంగళూరుకో చెన్నైకో పోవాల్సిందే. పైగా గుర్రం గుడ్డిదైనా దాణాకేం తక్కువ లేదు. ఏళ్లు గడిస్తే కెపాసిటర్లు ఎండుతాయి, వాల్వులు అరుగుతాయి, స్పీకర్ కోన్ చుట్టూ ఉండే ఫోమ్ వేలు తగిలితే పొడిపొడిగా రాలుతుంది. 401 మార్కెట్లోకి వచ్చింది 1965లో. అందులో రికార్డు పెట్టే పళ్లేన్ని తిప్పేది చిన్న రబ్బరు చక్రం. అది గట్టిపడితే పాట వెనకాల గరగర వినబడుతుంది.

ఇక లోన్. 15 శాతం వడ్డీకి, 36 నెలలకు తీసుకుంటే ఈఎంఐ సుమారు రూ.6,240. వడ్డీయే 44 వేలు దాటుతుంది. అదే 6,240 నెలనెలా ఆర్‌డీలో వేస్తే, వడ్డీ లెక్కేయకపోయినా 29 నెలల్లో 1,80,000 చేతికొస్తుంది. ఎఫ్‌డీ సంగతి చెప్పక్కర్లేదు. ఫీజు కట్టే తేదీ ఎవరి కోసమూ ఆగదు.

అన్నేళ్లు ఆగలేనంటారా? టర్న్‌టేబుల్ ఒక్కటే బేరమాడండి. మీ మనసు పట్టుకున్నది దాన్నే కదా. యాంప్లిఫయర్, స్పీకర్లు ప్రస్తుతానికి మామూలువి చాలు. పత్రికల దగ్గర నాకూ మనసు ఊగుతుంది. కర్నూలులో చదువుకునే రోజుల్లో పాత పత్రికలు కొని, వ్యాసాలు వదిలేసి యాంప్లిఫయర్ల ప్రకటనలే చూసేవాణ్ణి. ఒక్కటీ కొనలేదు. ఆ పెట్టెను కొసరుగా అడగండి, దానికి విడిగా డబ్బివ్వకండి.

పన్ను భయం అక్కర్లేదు. సొంత వాడకానికి కొన్న ఇలాంటి సామాను రేపు లాభానికి అమ్మినా మూలధన లాభాల పన్ను పడదు. నగలకు, కళాఖండాలకు మాత్రం ఈ మినహాయింపు లేదు. మీరే కొని అమ్మడం మొదలుపెడితే అది వ్యాపార ఆదాయం.

బెంగళూరు వెళ్లేటప్పుడు ఆవిడనూ తీసుకెళ్లండి, బేరం మీకంటే బాగా ఆడతారనిపిస్తోంది. మీకు కంఠతా వచ్చిన ఎల్పీ రికార్డు ఒకటి వెంట ఉంచుకోండి. పళ్లెం అంచుకు కాగితం ముక్క అంటించి, 33 స్పీడులో పెట్టి, నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. 33 దాటి మూడో వంతు రావాలి. 28 దగ్గర ఆగితే అది 60 సైకిళ్ల (హెర్ట్జ్) కరెంటున్న దేశం నుంచి వచ్చిన యంత్రం అయ్యుండొచ్చు. మన 50 సైకిళ్లకు సరిపడేలా మోటారు పుల్లీ మార్చాలి. ఆ ఖర్చు ఆయన ధరలోంచే తగ్గించమనండి.